సీటు కింది తీగలు

సోమేశ్వర్ సేటుకు దండం పెట్టి రాస్తున్న.

జనగామ ఫంక్షన్ హాల్ లాన్‌లో మీ గడ్డి కోసే బండి నడుస్తూ నడుస్తూ ఎందుకు బలం తగ్గి ఆగిపోతుందో ఇప్పుడు దొరికింది. పెట్రోల్ ట్యాంకు మూతకు సూదిమొనంత గాలి బెజ్జం ఉంటది. దసరా పూజకు అమ్మగారు పూసిన పసుపు అందులో ఎండి, లోపలికి గాలి రాక పెట్రోల్ దిగలేదు. అమ్మగారిది తప్పు కాదు. నేనైతే ఒకసారి కొబ్బరికాయ కొట్టబోయి ఆయిలింజిన్ పంకనే విరగ్గొట్టిన, అది వేరే ముచ్చట.

మొదట నాకు అంతు చిక్కలేదు. మనిషి దిగితే ఇంజిన్ ఆపే స్విచ్చు సీటు కింద ఉంటది. అదే చెడిందనుకొని దాని తీగలు రెండూ కలిపి కట్టిన. ఫాయిదా లేదు. మళ్ల విప్పుడు మరిచిన. పైగా "ఆపకు వాల్యా, ఆపితే అందుకోదు" అన్న. అందుకే మీ డ్రైవర్ వాల్యా ఇంజిన్ నడుస్తుండగనే దిగి, బ్లేడ్ల కాడ ఇరికిన గడ్డి తీయబోయిండు. నాలుగు వేళ్లు పోయినయ్.

నిన్న దవాఖానలో "బండి బాగైందా ఉస్తాద్?" అన్నడు. అయిందన్న. "ఏం ఖరాబైందట?" అంటే లేచొచ్చి ఈ ఉత్తరం రాయ కూసున్న.

వాడు తాగి చెయ్యి పెట్టిండని రాసి, సాక్షి సంతకానికి మీరు పంపిన కాగితం వాపసు పంపుతున్న. వాడు చుక్క ముట్టడని మీకూ తెలుసు. దాని మీద సంతకం చెయ్యలేదు, ఈ ఉత్తరం మీద చేసిన. దీని నకలు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి వచ్చినంకనే మీకు పోస్టు చేస్తున్న.

ఇట్లు,
మీ మెకానిక్