వెంకటరావమ్మ గారింటికి వచ్చిన సర్క్యులర్లు

విదేశీ విద్యార్థుల విభాగం,
వ్యవసాయ కళాశాల.
జనవరి 20

శ్రీమతి వెంకటరావమ్మ గారికి, గుండ్లవారిపాలెం.

అయ్యా / అమ్మా,

విషయం: విదేశీ విద్యార్థిని బస గురించి ఇంటి యజమాని పాటించవలసిన నిబంధనలు.

ఆఫ్రికా ఖండంలోని మలావీ దేశం నుంచి వచ్చి మా కళాశాలలో మిరప పురుగుల మీద ఎమ్మెస్సీ చేస్తున్న కుమారి చికొండి మీ ఇంట్లో అద్దెకు ఉంటున్నట్టు మా దృష్టికి వచ్చింది. విదేశీ విద్యార్థుల విషయంలో నిబంధనలు మారినందున మా కళాశాల సర్క్యులర్ నంబరు 4 జారీ చేసింది. దాని ప్రకారం సదరు విద్యార్థిని రాకపోకలను, ఆమెలో కలిగిన ఏ మార్పునైనా ఇరవై నాలుగు గంటల్లోగా ఈ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫోనులో చెప్పినది చెల్లదు. వాట్సాప్ అసలే చెల్లదు.

ఇట్లు,
శ్యామ్ సుందర్,
జూనియర్ అసిస్టెంట్

తా.క.: ఈ ఉత్తరానికి జవాబు అవసరం లేదు.


గుండ్లవారిపాలెం,
జనవరి 22

శ్యామ్ సుందర్ గారికి వెంకటరావమ్మ నమస్కారాలు.

ఇక్కడ మేం క్షేమం. మీరు 'అయ్యా / అమ్మా' అని రెండూ రాశారు. 'అయ్యా' అంటే తనే అని మా ఆయన బుల్లయ్య గారు ఉత్తరం ముందు తీసుకున్నారు. లోపల పని ఉందని తెలిశాక 'అమ్మా' అంటే నువ్వే అని నా చేతిలో పెట్టారు.

రాకపోకలు: సోమవారం ఎనిమిదింటికి వెళ్లింది. టిఫిన్ డబ్బా మర్చిపోయి వచ్చింది. మళ్లీ వెళ్లింది. సాయంత్రం అయిదుంబావుకి వచ్చింది. ఆరింటికి కొత్తిమీరకి వెళ్లి పది నిమిషాల్లో వచ్చింది, కొత్తిమీర వాడిపోయి ఉంటే మార్చుకు రమ్మని మళ్లీ పంపాను. మంగళవారం కూడా అంతే, కొత్తిమీర లేదు. ఆదివారం మా వీధి వీరమ్మతో చర్చికి వెళ్లింది.

మార్పులు: వచ్చిన కొత్తలో గోంగూర నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు నాకు మిగల్చడం లేదు. మొదట్లో మా ఆయన్ని చూస్తే భయపడేది. చేలో మందు ఎంత కొట్టారు, ఎందుకంత కొట్టారు అని నిలదీయడం మొదలుపెట్టాక ఇప్పుడు ఆయనే భయపడుతున్నారు.

అసలైన మార్పు చివరికి ఉంచాను. కాయకోతకి మనుషులు దొరక్క మా మిరప చేను చెట్టు మీదే ఎండిపోతుంటే, సెలవుల్లో ఈ పిల్ల వీరమ్మా వాళ్లతో కలిసి నాలుగు రోజులు కోసింది. తాలుకాయ ఏదో మంచికాయ ఏదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ల దేశంలోనూ పొగాకు, పత్తి, మిరపేనట. ఈ సంగతి మీకు సంతోషం కలిగిస్తుందని రాస్తున్నాను.

ఉంటాను,
వెంకటరావమ్మ

తా.క.: జవాబు అవసరం లేదన్నారు, ఇరవై నాలుగు గంటల్లో తెలియజేయమనీ అన్నారు. రెండూ మన్నించి, ఇరవై నాలుగు గంటలు జవాబు రాయకుండా ఆగి తర్వాత రాశాను. ఉత్తరంతో పాటు చింతకాయ పచ్చడి పంపుతున్నాను.


విదేశీ విద్యార్థుల విభాగం,
జనవరి 25

శ్రీమతి వెంకటరావమ్మ గారికి,

అయ్యా / అమ్మా,

మీ ఉత్తరం ఈ కార్యాలయంలో సంతోషం కలిగించలేదు.

చదువుకోవడానికి వచ్చిన విదేశీ విద్యార్థులు పని చేసి కూలి గానీ, జీతం గానీ, మరే ప్రతిఫలం గానీ తీసుకోరాదు. చికొండి గారు ఈ దేశంలో ఉండటానికి ఇచ్చిన అనుమతి మార్చి నెలాఖరుతో ముగుస్తుంది. పొడిగింపు కాగితాలు పంపవలసింది ఈ కార్యాలయమే. ఆమె కూలి తీసుకున్నట్టు తేలితే ఆ కాగితాలు పంపడం కుదరదు. డిగ్రీ చేతికి రావడానికి ఇంకా ఏడు నెలలుండగా, చదువు మధ్యలో వదిలి స్వదేశం వెళ్లవలసి వస్తుంది. మూడు రోజుల్లో సంజాయిషీ పంపగలరు.

ఇట్లు,
శ్యామ్ సుందర్,
జూనియర్ అసిస్టెంట్

తా.క.: కళాశాల ఉద్యోగులు కానుకలు స్వీకరించరాదు. కాబట్టి సీసా తిరిగి పంపుతున్నాము. సీసా ఖాళీగా ఎందుకు ఉన్నదో విచారణ జరుగుతోంది.


గుండ్లవారిపాలెం,
జనవరి 28

శ్యామ్ సుందర్ గారికి,

మీ ఉత్తరం చదివి చికొండి అన్నం తినలేదు. అది తినకపోతే నాకూ ముద్ద దిగలేదు. వాళ్ల ఊరి నుంచి ఇంత చదువుకి వచ్చిన మొదటి ఆడపిల్లట. వాళ్ల అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో అడిగేది ఒకటే మాట, ఇంకా ఎన్నాళ్లు అని. ఆ తల్లికి ఏం చెప్పను?

మేం కూలి ఇవ్వలేదు. అది బదులు పని. మా చేలో నువ్వొకరోజు కోస్తే, మీ చేలో నేనొకరోజు కోస్తాను. ఇందులో రూపాయి ప్రసక్తి లేదు. మా అత్తగారి అత్తగారి నాటి నుంచీ ఇలాగే సాగుతోంది, ఇంతవరకూ ఎవర్నీ దేశం నుంచి పంపలేదు.

చికొండికి చేనెక్కడిది అంటారేమో. ఉంది. పరిశోధనకని మీ కాలేజీ వాళ్లే మిరప మడి ఇచ్చారు. అది కోతకొచ్చింది. ప్రతిఫలం ఉండకూడదని మీరు అంత గట్టిగా రాశాక, ఆ పిల్లకి రావాల్సిన బదులు అలాగే ఉంచితే మీకు ఇబ్బంది అని నిన్ననే తీర్చేశాం. జక్రయ్య ఆటోలో వీరమ్మతో కలిపి పద్నాలుగు మంది వెళ్లారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే మీ ఉత్తరం చూపించారట, మీ స్టాంపు చూసి దణ్ణం పెట్టి పంపాడు. చికొండి క్లాసుకి వెళ్లేముందు చెప్పినట్టే చెట్టుచెట్టుకీ విడి సంచిలో కోశారు.

పదిన్నరకల్లా అయిపోయింది. అంత దూరం వెళ్లి పూట కూడా చేయకుండా వస్తే ఏం బాగుంటుందని పక్క మడి కూడా కోసిపెట్టారు. ఎవరిదో గానీ, కాయ పండి ఎండిపోయినా కోసే దిక్కు లేదట పాపం. అంతా కోసి, చక్కగా ఒకటే కుప్ప పోసి వచ్చారు.

ఉంటాను,
వెంకటరావమ్మ

తా.క.: ఆ పక్క మడి వాళ్లు మాకు బదులు రానక్కర్లేదని చెప్పండి.


విదేశీ విద్యార్థుల విభాగం,
జనవరి 31

శ్రీమతి వెంకటరావమ్మ గారికి,

అయ్యా / అమ్మా,

ఆ పక్క మడి మా ప్రొఫెసరు గారిది. పండిన కాయను కోయకుండా చెట్టుకే వదిలేస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది అనేది వారి పరిశోధన. మీ వాళ్లు వచ్చిన రోజు తొంభై ఆరో రోజు. వారు ఆ కుప్ప పక్కన కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు.

చికొండి గారి విషయం. నిషేధించిన ప్రతిఫలాల జాబితా మూడుసార్లు చదివాను. అందులో బదులు పని లేదు. కాబట్టి మీ సంజాయిషీ ఆమోదించడమైనది. అయితే విద్యార్థుల వసతి సంఘానికి అధ్యక్షులు కూడా ఆ ప్రొఫెసరు గారే. వారు వెంటనే సర్క్యులర్ నంబరు 5 జారీ చేశారు. విదేశీ విద్యార్థినులు ఇకమీదట గుర్తింపు పొందిన వసతి గృహంలోనే ఉండాలి. ఫిబ్రవరి నెలాఖరులోగా అటువంటి చిరునామా చూపకపోతే పొడిగింపు కాగితాలు పంపబడవు. మా హాస్టల్లో ఖాళీలు లేవు.

వసతి గృహం గుర్తింపు కోసం చేసుకునే దరఖాస్తు నమూనా సమాచారం నిమిత్తం జతపరుస్తున్నాను. దాన్ని ఇంటి యజమానులెవరైనా నింపి పంపవచ్చని నేను చెప్పడం లేదు.

ఇట్లు,
శ్యామ్ సుందర్,
జూనియర్ అసిస్టెంట్

తా.క.: పచ్చడి సీసాపై విచారణ ముగియలేదు. రెండో సీసా పరిశీలించనిదే నిర్ణయానికి రాలేనని విచారణాధికారి అభిప్రాయపడ్డారు. విచారణాధికారిని నేనే.


గుండ్లవారిపాలెం విదేశీ విద్యార్థినుల వసతి గృహం
(గుర్తింపు రావలసి ఉన్నది)
ఫిబ్రవరి 14

నాయనా శ్యామ్ సుందర్,

మీరు చెప్పని మాట అర్థమైంది. దరఖాస్తు పంపాం. మీ వాళ్లు వచ్చి చూసి వెళ్లారు కూడా.

అడిగినవన్నీ పెట్టాం. బోర్డు రాయించాం. ఫిర్యాదుల పెట్టె కోసం బియ్యం డబ్బాకి కంత కొట్టించాం. చికొండి ఏ ఫిర్యాదూ వేయలేదు. మా ఆయన మూడు వేశారు, మూడూ బియ్యం డబ్బా గురించే. సందర్శకుల పుస్తకం పెట్టగానే ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి సంతకాలు చేశారు. 'వచ్చిన పని' అన్న చోట వీరమ్మ 'ఊరికే' అని రాసింది. కింద అందరూ 'అదే' అని రాశారు.

ఆడపిల్లల హాస్టల్లో మగవాళ్లు ఉండకూడదన్నారు కదా, మా ఆయన్ని ఎదురింటికి, వాళ్ల తమ్ముడి దగ్గరకి పంపించాం. వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తానంటే, నా ఇంటికి నేనే కాపలానా అని కోప్పడ్డారు. ఇప్పుడు సందర్శకుల వేళ ఎప్పుడవుతుందా అని పొద్దున్నే మన అరుగు మీద వచ్చి కూర్చుంటున్నారు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో నా కోసం అంతసేపు ఎదురుచూడటం ఇదే మొదలు.

తనిఖీకి ప్రొఫెసరు గారు ముఖం మాడ్చుకుని వచ్చారు. గదులు చూశారు, కిటికీలు లెక్కపెట్టారు. వీరమ్మ నీళ్లు తెచ్చిచ్చి నిలబడింది. మడి కోసినందుకు తప్పయిందని చెప్పమని నేనంటే చెప్పింది. చెప్పి ఊరుకుందా, లేదు.

"కోయకుండా వదిలేస్తే కాయ ఎన్నాళ్లుంటదో మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం కదయ్యా. మనుషులు దొరకని ఏడు మా ఊళ్లో చేలన్నీ మీ పరిశోధనే" అంది.

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఎన్నో రోజుకి తొడిమ వదులుతుంది, మంచు పడితే ఎలా ఉంటుంది అని రెండు గంటలు అడుగుతూనే ఉన్నారు. వీరమ్మ చెబుతూనే ఉంది. భోజనానికి కూడా లేవలేదు, అన్నం అక్కడికే తీసుకెళ్లి పెట్టాను.

ఆశీస్సులతో,
వెంకటరావమ్మ

తా.క.: విచారణ కోసం రెండో సీసా పంపుతున్నాను. సాక్షిగా మూడోది కూడా.


విదేశీ విద్యార్థుల విభాగం,
ఫిబ్రవరి 20

వెంకటరావమ్మ గారికి,

అమ్మా,

అచ్చులో ఉన్న 'అయ్యా' అన్న మాట నా చేత్తోనే కొట్టేశాను.

మీ వసతి గృహానికి గుర్తింపు ఇవ్వడమైనది. పత్రం జతపరుస్తున్నాను. చికొండి గారి కాగితాలు సిద్ధం చేసి నా బల్ల మీదే పెట్టుకున్నాను. ఒకే ఒక్క అడ్డంకి ఉంది.

తొమ్మిదో నిబంధన ప్రకారం గుర్తింపు పొందిన వసతి గృహంలో విద్యార్థినులు, వార్డెను తప్ప ఇతరులు నివసించరాదు. వార్డెనుకి డిగ్రీ ఉండాలి. దరఖాస్తులో మీరు మీ చదువు ఎనిమిదో తరగతి అని రాశారు. కాబట్టి వార్డెనుగా మా కళాశాల మేడమ్ ఒకరు రోజూ వచ్చి చూసి వెళతారు. మీరు మాత్రం మీ ఇంట్లో బయటివారు అవుతారు. సోమవారంలోగా మీరు ఖాళీ చేసి, చేసినట్టు రాసిస్తే తప్ప కాగితాలు కదలవు. పై వాక్యం రాయడానికి నాకు అరగంట పట్టింది. నన్ను క్షమించండి.

ఇట్లు,
శ్యామ్ సుందర్

తా.క.: మా అమ్మ సింగరాయకొండ నుంచి వచ్చి నా దగ్గరే ఉంది. ఒకావిడని సొంత ఇల్లు ఖాళీ చేయమని రాయవలసి వస్తోందని చెబితే, రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఆ పచ్చడి కూడా ముట్టుకోనివ్వడం లేదు.


గుండ్లవారిపాలెం విదేశీ విద్యార్థినుల వసతి గృహం
(గుర్తింపు వచ్చింది)
ఫిబ్రవరి 24

నాయనా శ్యామ్ సుందర్,

మీ మీద నాకు కోపం లేదు. మీ అమ్మగారికి కూడా ఈ మాట చెప్పండి.

ఉత్తరం అందగానే నా చీరలు నాలుగు సంచిలో సర్దుకున్నాను. నేను కూడా ఎదురింటికి వస్తున్నానని మా ఆయన సంబరపడి మంచం దులిపించారు. చికొండి వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నువ్వు వెళ్తే నేను కూడా వెళ్తా అమ్మమ్మా. మా ఊరికే వెళ్తా. డిగ్రీ వద్దు" అంది.

తెలుగులో నాతో అంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత అది కళ్లు తుడుచుకుని, మీ తొమ్మిదో నిబంధన తెచ్చి మళ్లీ నా చేత పైకి చదివించింది. అయిదారేళ్లుగా ఏదో ఒక దేశం కాగితాలు నింపుతున్న పిల్ల కదా, రూలు కనపడితే అందులో సందు ఎక్కడుందో వెతకడం దానికి అలవాటు. విద్యార్థినులు తప్ప ఇతరులు ఉండరాదు అన్న చోట ఆపమంది.

మీ కాలేజీలో రైతుల కోసం ఆరు నెలల మిరప సాగు సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఏడో తరగతి చాలు, వయసు పట్టింపు లేదు. శనివారం వెళ్లి చేరాను. ఇంటర్వ్యూ చేసింది ప్రొఫెసరు గారే. మిరప గురించి ఏం తెలుసో చెప్పమన్నారు. నేను చెబుతుంటే మధ్యలో, చాలమ్మా, మిగిలింది కోర్సులో చెబుదురుగాని అన్నారు. గుర్తింపు కార్డు నకలు జతపరిచాను. ఫొటోలో నవ్వకూడదన్నారు గానీ ఆగలేదు.

కాబట్టి ఈ హాస్టల్లో ఇప్పుడు ఇద్దరం విద్యార్థినులం ఉన్నాం. బయటివాళ్లు ఎవరూ లేరు. ఈ ఉత్తరం అందిన పూటే చికొండి కాగితాలు పంపించండి. ఇంకో ఆరు నెలలు పోతే అది ఎలాగూ వెళ్లిపోతుంది. అప్పుడూ ఏడుస్తాను. కానీ డిగ్రీ చేతిలో పట్టుకుని వెళ్లే పిల్లని చూసి ఏడ్చే ఏడుపు వేరు, ఆ ఏడుపు నాకు కావాలి.

ఇట్లు,
వెంకటరావమ్మ,
సర్టిఫికెట్ కోర్సు, రోల్ నంబరు 41

తా.క.: నా దరఖాస్తులో సంరక్షకుల సంతకం కావాలంటే చికొండి పెట్టింది. మొదటి రోజే మీ వాళ్లు దాన్ని పిలిపించి, మీ అమ్మాయి క్లాసులో మాస్టారికి అడ్డొచ్చి మాట్లాడుతోందని చెప్పారట. ఇంటికొచ్చి టీవీ కట్టేసింది. పురుగుల పాఠం అప్పజెబితే గానీ పెట్టనంటోంది. రెండో పేజీలో ఉన్నాను.