మేయరమ్మ ఎత్తని చెయ్యి

పుకాకాంచ,
జనవరి, శుక్రవారం.

అమ్మకు,

నీ పెద్దకూతురు యూఫ్రాసియా పాదాలకు మొక్కి రాసేది. ఇక్కడ ఒంట్లో బాగానే ఉంది. ఆవు ఈనింది, బంగాళాదుంపల మీద ఈసారి మంచు దెబ్బ పడలేదు. అరెకిపాలో నువ్వూ, చెల్లి బెనీతా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు అల్లి పంపిన శాలువా అందింది. ఇప్పుడు భుజాల మీద అదే ఉంది.

ఎన్నికలైనప్పటి నుంచి నువ్వు రాసిన మూడు ఉత్తరాల్లోనూ ఒకటే ప్రశ్న: "ఊరందరి ముందు మొగుడి పరువు ఎందుకు తీశావే?" జరిగింది జరిగినట్టు చెబుతాను, విను.

నాలుగేళ్లు మేయరుగా చేశాను. చట్టం ప్రకారం వెంటనే మళ్లీ నిలబడకూడదు. కుర్చీ ఇల్లు దాటకూడదని మీ అల్లుడు లియోన్సియో తానే నామినేషన్ వేశాడు. ఆఖరి సభలో నేను ఆయన చెయ్యెత్తి చూపిస్తే గెలిచినట్టేనని అందరి నమ్మకం.

"రెండు ముక్కలు చెప్పు చాలు. 'నా తర్వాత ఈయనే' అను. ఎక్కువ వాగకు," అంటూ ఆ పొద్దున నా టోపీ తానే సర్దాడు.

బ్యాండు ఆగింది. నేను పట్టుకుంటానని ఆయన చెయ్యి అప్పటికే సగం లేచింది. కూడలి చివర జున్ను తట్టతో సతూకా కనిపించింది. పైపేటకు నీళ్లు రావడం లేదని నా ఆఫీసు ముందు తొమ్మిది రోజులు బైఠాయించిన మనిషి ఆమే. ఆయన మీద పోటీకి నిలబడ్డదీ ఆమే.

"నా తర్వాత ఈయన కాదు," అన్నాను. "సతూకాకు వెయ్యండి. నా ఓటూ ఆమెకే."

"తాగొచ్చావా?" అన్నాడు లియోన్సియో. మైకులో అందరికీ వినబడింది.

"మత్తు దిగాకే మాట్లాడుతున్నా."

ఎవరో సతూకాను వేదిక మీదికి తోశారు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. "మీ చెయ్యి నాకెందుకు మేయరమ్మా? మా నీళ్లు ఎటు పోయాయో చెప్పండి, అది చాలు!"

జనం గొల్లుమన్నారు. నా ముఖం మాడిపోయింది. అయినా చెప్పేశాను.

అమ్మా, నీకు ఇన్నాళ్లూ దాచిందీ అదే. పైపేటకు వెళ్లే ఊటనీటిని మూడేళ్ల కిందట లియోన్సియో తన ట్రౌట్ చేపల చెరువులకు మళ్లించుకున్నాడు. ఆ కాగితం మీద సంతకం నాది. చదవకుండా పెట్టానని అందరితో అన్నాను. చదివే పెట్టాను. నీ కళ్ల ఆపరేషన్ ఆ చేపల డబ్బుతోనే చేయించాను. నువ్వు ఈ ఉత్తరం చదువుతున్న కళ్లకు ఆ సంగతి తెలియాలి. తప్పు నాది, నీది కాదు.

సతూకా నలభై ఒక్క ఓట్లతో గెలిచింది. నాకు కృతజ్ఞత చెప్పడానికి రాలేదు. కుర్చీ ఎక్కిన వారానికే ప్రాసిక్యూటరుకు ఫిర్యాదు పంపింది. అందులో మొదటి పేరు నాదే. నాకేం కోపం లేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

లియోన్సియో వాళ్ల అక్క ఇంట్లో ఉంటున్నాడు. నిన్న గుమ్మం దాకా వచ్చాడు.

"గుర్తులేదని చెప్పవే. పాత కాగితం. ఇద్దరం బయటపడతాం."

"నాకు గుర్తుంది."

"జైల్లో వేస్తారే, పిచ్చిదానా!"

"వెయ్యనీ. నువ్వూ బట్టలు సర్దుకో."

తలుపు వేసి, వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను.

ఆయన నీకు ఫోన్ చేస్తాడు. ఏడుస్తాడు, బతిమాలతాడు, కూతురికి బుద్ధి చెప్పమంటాడు. చెప్పకు. ప్రాసిక్యూటరు ముందు నా వాంగ్మూలం సోమవారం. మొదటి బస్సుకే వెళుతున్నాను.

ఇట్లు,
నిన్ను బాధపెట్టినా తల వంచని
నీ పెద్దకూతురు
యూఫ్రాసియా