పాటలో లేని రెండు లైన్లు

సుధా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నాకు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉద్యోగం వచ్చింది, జెర్సీ సిటీలోని మన ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాను. సామాను సర్దుతుంటే నీ టర్కీ పాటల నోట్‌బుక్ దొరికింది. కింద బేకరీలో నెర్మిన్ ఆంటీ ఒక్కో ముక్కా పాడుతుంటే నువ్వు తెలుగు అక్షరాల్లో రాసుకున్నదే. "అర్థం ఎందుకే? ఫీల్ అయితే చాలు" అనేదానివి. అవన్నీ ఎడబాటు పాటలని తెలియక నా బర్త్‌డేకి కేక్ కోస్తూ ఒకటి పాడేశాం కూడా. ఆంటీ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మధ్యాహ్నం ఆ పాటే ఆంటీకి చదివి వినిపించాను. ఆవిడ నాతోపాటు పెదవులు కదిపింది. చివరి రెండు లైన్ల దగ్గర ఆగిపోయింది.

"ఇవి ఆ పాటలోవి కావు. నేను నేర్పలేదు."

"సుధకి టర్కిష్ రాదు కదా ఆంటీ!"

మళ్ళీ చదవమంది. చదివాను. నెమ్మదిగా అర్థం చెప్పింది.

"తలుపుకి తాళం వేయకు. దారిలోనే ఉన్నాను."

నువ్వు పోయిన ఆ సాయంత్రం హైవే మీద నుంచి నాతో ఫోన్‌లో అన్న ఆఖరి మాటలవి. అప్పటికి ఈ నోట్‌బుక్ ఇంట్లోనే ఉంది. రాత నీదే.

ఐదింటికల్లా తాళాలు ఇచ్చేయమన్నారు. ఇప్పుడు ఆరు దాటింది. సామాను ట్రక్కు వెళ్ళిపోయింది. ఖాళీ హాల్లో నేల మీద కూర్చుని నీకిది రాస్తున్నాను.

తలుపు దగ్గరగా వేశాను, అంతే.