నేను తూచి పంపిన పొట్లాలు

విజయవాడ,
గురువారం ఉదయం

అక్కకు,

చెల్లెలు రత్నం నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ బావా పిల్లలూ ఎలా ఉన్నారని తర్వాత అడుగుతాను, ఏమీ అనుకోకు. ముందు నాన్న సంగతి. ఒంట్లో వేడి ఉందా? గొంతు నొప్పి తగ్గిందా? అన్నం మింగగలుగుతున్నాడా? నోట్లో పుండ్లు ఏమైనా లేచాయా? వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూడు. విసుక్కుంటే విసుక్కోనీ.

నేను పంపిన పొడి ఇక ఒక్క పొట్లం కూడా వెయ్యకు.

పొద్దున్నే టెలిగ్రాం ఇచ్చాను. టెలిగ్రాం అనగానే ఎవరో పోయారని పాలెం అంతా మన గుమ్మంలో చేరి ఉంటుంది. ఎవరూ పోలేదు. పొడి ఆపమనీ, నాన్నను బందరు ఆసుపత్రికి తీసుకెళ్లమనీ అందులో ఉంది. కానీ ఎందుకో చెప్పకుండా ఆపమంటే నువ్వు ఆపవని నాకు తెలుసు. వణుకు కళ్లెదుటే తగ్గించిన మందును ఎవరు మాత్రం ఆపుతారు? అందుకే ఈ ఉత్తరం. సూరమ్మ పిన్ని చేపల గంపలు దించుకుని, మధ్యాహ్నం బందరు బండికి వెళ్తుంది కదా, ఆవిడ చేతికిస్తాను. సాయంత్రానికి నీకు అందుతుంది. డాక్టరుగారు సాయంత్రం గానీ ఆసుపత్రికి రారట. ఆయన్ను కలిసి, అసలు మందు ఏదైనా దొరికితే తీసుకుని, రేపు పొద్దున్న బండికి నేను వస్తాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. వేసవిలో నాన్నను ఇక్కడికి తెచ్చి చూపించినప్పుడు వణుకుకని డాక్టరుగారు రాసిన మాత్రలు అయిపోయాయని బావ వచ్చాడా, ఊరంతా తిరిగాను. ఏ మందుల షాపులో అడిగినా మద్రాసు నుంచి సరుకు రాలేదన్నారు. నాన్న గ్లాసు పట్టుకోలేక సగం టీ పంచె మీద పోసుకుంటున్నాడని బావ చెబితే ప్రాణం ఉసూరుమంది. నేను కాలేజీ కెమిస్ట్రీ స్టోర్సు చూసేదాన్ని కదా, వన్ టౌన్లో మాకు ల్యాబ్ సామాను ఇచ్చే షాపు ఉంది. తోపుడు బళ్ల మధ్య ఒదిగి ఒదిగి వెళ్లి అడిగితే, ఆయన వెనక గోడౌనులో వెతికి ఒక సీసా తెచ్చాడు. అదే పేరు. పుస్తకం తీసి చూశాను. అణుసూత్రం అదే, అణుభారం అదే, కార్బన్లూ హైడ్రోజన్లూ ఒక్కటి కూడా తేడా లేదు. సీసా మీద పేరు ముందు డి, ఎల్ అని రెండు అక్షరాలున్నాయి. డాక్టరుగారి చీటీ మీద ఎల్ ఒక్కటే ఉంది. ఎల్ ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

డాక్టరుగారిని ఒక్క మాట అడగాలని తోచలేదు. తోచక కాదు, అడగడం నామోషీ అనిపించింది. మన పాలెంలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను, సీసాలతోనే బతుకుతున్నదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. ల్యాబ్ త్రాసులో రవ్వంత అటూ ఇటూ కాకుండా తూచి, మూడు వారాలకు పొట్లాలు కట్టి బావ చేతికిచ్చాను. ఆ సంబరం నీకేం తెలుసు. గదికి వస్తూ దారిలో మల్లెపూలు కొనుక్కున్నాను కూడా.

నిన్న మా లెక్చరరుగారు క్లాసుకు బంతుల బొమ్మలు పట్టుకు రమ్మన్నారు. నాలుగు రంగుల చెక్క బంతులు పుల్లలతో గుచ్చి ఉంటాయి. ఆయన రెండు బొమ్మలు కట్టారు. అవే బంతులు, అవే పుల్లలు. "అమ్మా, ఈ రెండూ ఒకటేనా కాదా, ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించండి" అని ముందు బెంచీ అమ్మాయిలకిచ్చారు. వాళ్లు ఎన్ని విధాల తిప్పినా రెండు రంగులు కలిస్తే రెండు రంగులు కలవవు. ఒకటి రెండో దానికి అద్దంలో నీడ. మన రెండు చేతులు ఎలాగో అలాగన్నమాట. కుడి చెయ్యిని ఎంత తిప్పినా ఎడమ చెయ్యి కాదు.

నీకు తెలిసిన మాటలో చెబుతాను. నాన్న తాడు పేనేవాడు గుర్తుందా? కుడికి పేనింది ఒకటి, ఎడమకు పేనింది ఒకటి. నార ఒకటే, పోగులు అన్నే, తూస్తే బరువూ ఒకటే. తలకిందులు చేసి చూసినా కుడి పేనుడు కుడి పేనుడే. తెగిన తాడుకు కుడిది అడిగితే నేను ఎడమది అందించానని నాన్న నెత్తిన మొట్టికాయ వేశాడు. "అదీ ఇదీ కలిపి పేన్తే ఊడిపోద్దే పిచ్చిదానా!" అన్నాడు. మందు కూడా అంతే అక్కా. మన ఒంటికి ఒక పేనుడే పనికొస్తుంది. చీటీ మీద రాసింది ఆ ఒక్కటే. నేను పంపినదాంట్లో రెండూ సగం సగం ఉన్నాయి, సీసా మీది డి, ఎల్ అంటే అర్థం అదే.

ఇదంతా పాఠమే అనుకుని డస్టరు తీసుకుంటున్నాను. అప్పుడు ఆయన ఉదాహరణకని సరిగ్గా నాన్న మందు పేరే ఎత్తారు. మొదట్లో రెండూ కలిసిన పొడినే రోగులకు ఇచ్చి చూశారట. వణుకు తగ్గిందట. కానీ కొందరికి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయట. రోగం రాకుండా కాపు కాసేవి అవే. అవి లేకపోతే చిన్న గొంతు నొప్పి కూడా మనిషిని తీసుకుపోతుందట. అందుకని అద్దంలోదాన్ని వేరుచేసి పారేసి, ఒక్కదాన్నే మందుగా ఉంచారట. అమ్మాయిలు నోట్సు రాసుకుంటున్నారు.

అప్పటికీ నా మనసు ఒప్పుకోలేదు. సీసా మీద తప్పు రాసి ఉంటారులే, లోపల ఉన్నది మంచిదే అయి ఉంటుందిలే అనుకున్నాను. మా ల్యాబులో ఒక యంత్రం ఉంది. పసుపుపచ్చ దీపం వెలుగు గాజు గొట్టంలోంచి పోతుంది. అందులో ఒక పేనుడుదే ఉంటే ఆ వెలుగు ఒక పక్కకు తిరుగుతుంది. రెండూ సమంగా ఉంటే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుని ఎటూ తిరగదు. సీసాలో మిగిలిన పొడి కరిగించి గొట్టంలో పోసి కన్ను ఆనించాను. మన గంగమ్మ తల్లికి మొక్కుకున్నాను, కొంచెమైనా తిరగాలని. సున్నా. గొట్టం కడిగి మళ్లీ పోశాను. మళ్లీ సున్నా.

అప్పుడు నీ పోయిన ఉత్తరం గుర్తొచ్చింది. నాన్న మళ్లీ వల ముడి వేశాడని, ఎవరొచ్చినా చెయ్యి చాపి "మా సిన్నది తూసి పంపింది" అని చూపిస్తున్నాడని రాశావు. అది చదివి ఏడ్చాను, నేను అద్దెకున్న ఇంటావిడ ఎస్తేరమ్మగారికి కూడా చదివి వినిపించాను. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. "రెండు రోజుల నుంచి గొంతు నొప్పి అంటున్నాడు, మంచుకి అనుకుంటా." ఆ రోజు దాన్ని నేను చదవనే లేదు. చదివాను, పట్టించుకోలేదు.

ఎస్తేరమ్మగారు ముప్పై ఏళ్లు నర్సు పని చేసి మానేసిన మనిషి. నేను ఒంటరిగా తింటానని ఆదివారం చర్చి నుంచి రాగానే నాకు గిన్నెలో కూర పంపిస్తారు, మన చేపల రుచి లేదని వంక పెడితే నవ్వుతారు. నిన్న అంతా విని నవ్వలేదు. "ఉత్తరం రాసి ఎన్నాళ్లయిందమ్మా?" అన్నారు. ఆరు రోజులన్నాను. ఆవిడ బైబిలు మూసి పక్కన పెట్టి, "రక్తం చూడాలి రత్నం. ఊరకనే అందరికీ అట్టా అవదు. కానీ చూడాలి" అన్నారు.

కాబట్టి అక్కా, అందరికీ అవదట. ఆ మాట పట్టుకునే ఉన్నాను, నువ్వూ పట్టుకో. పొడి ఆపితే వణుకు మళ్లీ వస్తుంది, రానీ. నాన్న ఇవ్వమని గొడవ చేస్తాడు, ఇవ్వకు. మిగిలిన పొట్లాలు దాచు, డాక్టరుకి చూపించాలి. పిల్లల చేతికి అందనివ్వకు. నాకు ఎండు మెత్తళ్లు పంపమన్నాను, ఇప్పుడు అవేం వద్దు. చలికి దుప్పటి ఉంది, అన్నం వేళకు తింటున్నాను, నా గురించి బెంగపడకు.

*

ఇప్పుడే పిన్ని వచ్చింది. నాన్న ఎలా ఉన్నాడని అడిగాను. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"మంచం దిగట్లేదే మీ అయ్య. మొన్నకాడ్నించీ ఒళ్లు కాలిపోతంది. నువ్వేం బెంగెట్టుకోమాకు, మీ అక్క సూత్తానే ఉందిగా. నువ్వంపిన పొడి ఇంతకముందు పూటకోటి ఏసేది, ఇప్పుడు రెండేసి ఏత్తంది. జొరం కూడా దాంతోనే తగ్గుద్దని మీ అయ్యే అడిగి ఏయించుకుంటన్నాడు."

అక్కా, నీ తప్పు లేదు. నీకు తెలియదు. నేనూ అక్కడ ఉంటే అంతే చేసేదాన్నేమో. ఎస్తేరమ్మగారు పక్కనే ఉండి ఆ మాట విన్నారు. డాక్టరుగారి ఇంటికి తాను వెళ్తానని చెప్పులు వేసుకుంటున్నారు. "నువ్వు బండెక్కు. బందరులో చేర్చి రక్తం తీయించు, మేం వెనక వస్తాం" అంటున్నారు. స్టోర్సు తాళాలు కూడా ఆవిడకే ఇచ్చాను.

పిన్నితోపాటు నేనే వస్తున్నాను. ఇక ఈ ఉత్తరం పంపాల్సిన పని లేదు. అయినా చించడం లేదు, నా చేత్తోనే నీకిస్తాను. నన్ను చూడగానే నాన్న లేచి కూర్చోబోతాడు, మందు తెచ్చావా అమ్మా అని చెయ్యి చాపుతాడు. ఆయన ముందు నిలబడి ఇదంతా నేను నోటితో చెప్పలేను. నువ్వు బయటికి వెళ్లి చదువు. చదివాక లోపలికొచ్చి నువ్వే చెప్పు, నేను తల వంచుకుని అక్కడే ఉంటాను.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నాన్న పాదాలకు దండం.

నీ చెల్లెలు,
రత్నం