దోనాతో టోపీ పెట్టుకుని వచ్చేదాకా

సెప్టెంబరు 16, మంగళవారం

మున్సిపాలిటీలో నా నివాసం దరఖాస్తు పుచ్చుకున్నారు! నాలుగోసారి వెళ్తే పుచ్చుకున్నారు. మొదటిసారి పెళ్లి కాగితం ఇంగ్లీషులో ఉందన్నారు. రెండోసారి అనువాదం ఉంది, దాని మీద ముద్ర లేదు. మూడోసారి ముద్ర ఉంది, గుమాస్తా ఇమ్మకొలాతా లేదు. వాళ్ల అక్క కూతురి పెళ్లట. ఈ రోజు అందరూ ఉన్నారు, అన్నీ ఉన్నాయి.

"ఇంక అయిపోయినట్టేనా అమ్మా?" అన్నాను.

"అయిపోవడమేంటండీ, ఇప్పుడేగా మొదలు! నలభై అయిదు రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు మున్సిపాలిటీ పోలీసాయన మీ ఇంటికొస్తాడు. మీరు నిజంగా అక్కడ ఉంటున్నారో లేదో చూస్తాడు. ఇంట్లో ఉండండి చాలు."

"ఏ రోజు వస్తాడు?"

"ముందే చెప్తే అది తనిఖీ ఎలా అవుద్దండీ? మూడుసార్లొచ్చి మీరు కనపడలేదనుకోండి, కాగితం కొట్టేస్తారు. మళ్లీ మొదట్నుంచీ రావాలి."

మళ్లీ మొదట్నుంచీ అంటే చనిపోయినవాళ్ల రోజు, నవంబరు రెండు, దాటిపోతుంది. అదొక్కటే నా భయం. మా ఆయన నున్సియో వంటింటి అలమరలో, కాఫీ డబ్బా పక్కన, బూడిదై కూర్చున్నాడు. ఈ వల్లెరోనా ఊళ్లో పుట్టి, ఐర్లండులో మా గాల్వేలో నలభై ఏళ్లు చేపలూ బంగాళాదుంపలూ వేయించి అమ్మాడు. పోయే ముందు ఒక్కటే అడిగాడు: "చనిపోయినవాళ్ల రోజుకి నన్ను మా అమ్మ పక్కన పెట్టెయ్." కానీ ఈ ఊరి శ్మశానంలో చోటు ఊరివాళ్లకే. ఊరు వదిలినప్పుడే అతని పేరు కొట్టేశారు. భార్య పేరు ఊరి పుస్తకంలోకి ఎక్కితే అతనికీ చోటు ఇస్తారట.

కాబట్టి నిర్ణయం: పోలీసు వచ్చేదాకా ఊనా కొన్నీలీ అనే నేను గడప దాటను. నలభై అయిదు రోజులెంత! ముప్ఫై ఒక్క ఏళ్లు వానలో టపా పంచినదాన్ని, ఇంట్లో కూర్చోలేనా?

కొన్నవి: పాస్తా పన్నెండు పొట్లాలు. టమాటా సీసాలు ఎనిమిది. బంగాళాదుంపలు ఒక బస్తా. ఊలు ఉండలు ఆరు (అల్లడం రాదు, నేర్చుకుంటాను). గంట మీట పక్కన అతికించడానికి పేరు రాసిన కాగితం.

సెప్టెంబరు 17

ఉ. 7:00. లేచాను. బట్టలు మార్చుకున్నాను. నైటీలో ఉంటే కాపురం ఉంటున్నట్టు అనిపించదేమో.

ఉ. 8:00. సిద్ధం.

ఉ. 10:00. కింది వాటా ఫిలోమేనా అత్త వీధిలో కుర్చీ వేసుకుని పైకి కేకేసింది. ఎనభై రెండేళ్లు, పొద్దున్నించి చీకటి పడేదాకా ఆ కుర్చీలోనే. నున్సియో అత్తా అని పిలిచేవాడు, నేనూ అంతే. "ఏమే పిల్లా, బారుకెళ్లవా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నానత్తా. ఇంట్లో ఉంటున్నా."

"ఒంట్లో బాగుంటే ఇంట్లో ఎందుకే?" అంది నిజంగానే అర్థంకాక.

సా. 6:00. ఎవరూ రాలేదు. ఎంత హాయిగా ఉందో! ఒక రోజు అయిపోయింది.

సెప్టెంబరు 19

మేజోడు మొదలుపెట్టాను. మేజోడులా లేదు. మఫ్లరు అవుతుందేమో చూడాలి.

సెప్టెంబరు 22

ఉ. 9:50. ఇంట్లో కాఫీ అయిపోయింది. (పూర్తిగా అయిపోలేదు. అడుగున ఉన్నది పాతదైపోయింది.) బారు మా గుమ్మానికి అరవై అడుగులు. అరవై అడుగులను బయటికి వెళ్లడం అనరు.

ఉ. 10:00. బారులో దోనాతో అనే అతను ఉన్నాడు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క పోలీసు. ఫిలోమేనా అత్తకి స్వయానా మేనల్లుడు. నేను ఊళ్లోకి వచ్చిన వారం నుంచీ నాతో పేకాడుతున్నాడు.

"దోనాతో, మా ఇంటికెప్పుడొస్తావు?"

అతను బల్ల మీద బోర్లించిన టోపీని చూపించాడు. "ఊనక్కా, అది నెత్తి మీద లేనప్పుడు నన్ను ఆఫీసు మాటలు అడగొద్దు. ముక్క వెయ్యి."

ఒక్క ఆట ఆడి వచ్చేశాను. నిజానికి మూడు.

సెప్టెంబరు 25

ఘోరం!!

బారుకెళ్లాను. ఊరికే అలా. పదకొండుకి ఆట మంచి రంజుగా సాగుతుండగా దోనాతో లేచాడు. "చిన్న పనుంది, అయిదు నిమిషాల్లో వస్తా. నా ముక్కలు చూడకు," అని టోపీ పెట్టుకుని వెళ్లాడు. నేను చూడలేదు, ఒట్టు. పది నిమిషాలకి వచ్చాడు, టోపీ తీశాడు, ఆడాడు, గెలిచాడు.

ఇంటికొచ్చేసరికి తలుపుకి చీటీ. "11:05కి తనిఖీకి వచ్చితిని. దరఖాస్తుదారు ఇంట లేరు. మొదటిసారి."

పరుగున వెనక్కి వెళ్లాను. "నేను నీ ఎదురుగానే కూర్చున్నా కదయ్యా!"

"కూర్చున్నావక్కా. కానీ నా కాగితంలో 'ఇంట్లో' అనుంది. 'నా ఎదురుగా' అని లేదు."

"నేనెక్కడుంటానో నీకు తెలీదా?"

"నాకు తెలుసు. టోపీకి తెలీదు."

వచ్చి మంచం మీద పడ్డాను. ముప్ఫై ఒక్క ఏళ్లు నేను జనాల తలుపులకి "మీరు ఇంట్లో లేరు" అని చీటీలు అతికించాను. జోరువాన రోజుల్లో తలుపు తట్టకుండానే అతికించినవీ ఉన్నాయి. నా పాపమే పండింది.

సెప్టెంబరు 26

కొత్త కట్టుబాట్లు. బారు లేదు. పేక లేదు. కిటికీ తలుపులు మూసే ఉంచాలి, లేకపోతే వీధి చూసి మనసు లాగుతుంది. నున్సియో ముందు నిలబడి ప్రమాణం చేశాను.

అక్టోబరు 2

ఈ వారం ఇల్లు వదిలిన సందర్భాలు:
సోమవారం, చెత్త వెయ్యడానికి (చట్టం).
మంగళవారం, తులసి లాంటి ఆ ఆకు లేక పాస్తా గొంతు దిగలేదు (ఆరోగ్యం).
బుధవారం, చర్చి ఫాదర్ ఎదురై మాట్లాడితే మధ్యలో రాలేం కదా (మర్యాద). ఎదురైంది బారు దగ్గర.
గురువారం వెళ్లలేదు. ఇంకా మధ్యాహ్నమే.

అక్టోబరు 9

ఈ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. రాసి పెట్టుకోవాలి. ఇంట్లోనే ఉన్నాను! పొద్దున్నించి వెనక వంటింట్లో, అల్లుతూ.

సా. 5:00. చెత్తకి కిందికి దిగితే తలుపుకి రెండో చీటీ! "4:20కి వచ్చితిని. గంట నొక్కితిని, జవాబు లేదు. పొరుగువారిని విచారించగా, అట్టివారెవరూ ఇచట ఉండరని తెలిపిరి."

గంట మీట నొక్కి చూశాను. మోగలేదు. పేరు అందంగా అతికించాను కానీ ఒక్కసారీ నొక్కి చూడలేదు. సరే, నా తప్పు. మరి ఈ పొరుగువారెవరు?

కుర్చీలో ఉన్న పొరుగావిడ చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అత్తా! నేనిక్కడ ఉండనని చెప్పావా?"

"చెప్పాను," అంది గర్వంగా. "నువ్వెవరో తెలీదన్నా. ఎంత అడిగినా నోరు విప్పలేదు. నీకు భయం లేదులే."

"అతను దోనాతో! నీ మేనల్లుడు!"

"టోపీ పెట్టుకుంటే మేనల్లుడేంటే, సర్కారు. డెబ్బై నాలుగులో ఇలాగే ఒకడొచ్చి స్కూటరు ఎవరిదమ్మా అంటే మా ఆయనదేనని చెప్పా. స్కూటరు పట్టుకుపోయారు. అప్పట్నుంచీ టోపీ వాళ్లకి ఏదీ చెప్పను. ఈ వీధిలో ఎవరం చెప్పం."

కోపం ఆపుకోలేకపోయాను. "నీ వల్ల నున్సియో అలమరలోనే ఉండిపోతాడు!" అనేశాను. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. కుర్చీ మడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. వెలుగుండగా ఆ కుర్చీ లేని వీధిని ఇదే చూడడం. సిగ్గుగా ఉంది.

అక్టోబరు 13

గంట బాగు చేయించాను. తలుపుకి పెద్ద కాగితం: "నేను ఇంట్లో ఉన్నాను. గట్టిగా కొట్టండి." ఇంక ఒక్కసారే మిగిలింది. చెత్తకి కూడా దిగను.

అక్టోబరు 17

మూసిన కిటికీ వెనక నుంచి విన్నవి: ఐర్లండావిడకి జబ్బు చేసిందట. కాదు, స్వదేశం వెళ్లిపోయిందట. కాదు, నున్సియో కోసం ఏడ్చి ఏడ్చి మతి పోయిందట. గంట నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ ఎవరో ఒకరు సూపు గిన్నెతో. టోపీ లేదు.

ఫిలోమేనా అత్త మాత్రం రాలేదు.

మఫ్లరు తొమ్మిది అడుగులైంది. ఆపడం ఎలాగో తెలీదు.

అక్టోబరు 24

ఉ. 8:30. కిటికీ కొంచెం తీశాను, గాలి కోసమే. వీధి చివర వాలులో ఫిలోమేనా అత్తవి ఏడు ఆలివ్ చెట్లు. ఊరంతా కాయ కోతల్లో ఉంది. ఆవిడ ఒక్కతే, కాయలు రాలి పడేందుకు, చెట్టు కింద వల పరుస్తోంది. వంగుతుంది, నడుం పట్టుకుంటుంది, లేస్తుంది, మళ్లీ వంగుతుంది.

ఉ. 8:40. నాకేం సంబంధం లేదు. మూడోసారీ ఇంట్లో దొరక్కపోతే అంతా పోతుంది.

ఉ. 8:50. ఇంకో చివర పరుస్తోంది. వల జారిపోయింది.

ఉ. 8:55. నున్సియో అయితే ఈపాటికి బూట్లు వేసుకునేవాడు.

చీకటి పడ్డాక. రోజంతా కోశాను. చేతులు లేవడం లేదు. "నీ పోలీసు వస్తాడేమోనే?" అంది మొదటి గంటంతా ముఖం తిప్పుకుని. "రానీ" అన్నాను. అప్పుడు తిరిగి చూసింది. మధ్యాహ్నం రొట్టెలో ఉల్లిపాయ పెట్టి సగం నాకిచ్చింది.

అక్టోబరు 26

ఇంకా ఆలివ్‌లు. నిర్ణయం సంగతి రాయను.

అక్టోబరు 31, శుక్రవారం

నలభై అయిదో రోజు. గడువు ఈ రోజుతో సరి, పోలీసు జాడ లేదు. పొద్దున లేచి అలమర తలుపు తెరిచి నున్సియోకి క్షమాపణ చెప్పాను. "ఓడిపోయాను. ఈ సంవత్సరం కాదు. మళ్లీ మొదట్నుంచీ తిరుగుతాను," అన్నాను. కాసేపు ఏడ్చాను కూడా. తర్వాత ఏం చెయ్యాలో తోచక, కాయ కోసిన వాళ్లందరినీ భోజనానికి పిలిచి, మిగిలిన బస్తా దింపి నున్సియో పద్ధతిలో చేపలూ దుంపలూ వేయించడం మొదలుపెట్టాను. మేం కోసిన కాయల కొత్త నూనెలో వేయిస్తుంటే ఫిలోమేనా అత్త గుండె పట్టుకుంది. "ఆ నూనెలోనా! నిన్ను జైల్లో వేయాలే!" అని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

మ. 1:10. కింద గంట మోగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. పొయ్యి మీద మూకుడు వదిలి కదలలేను. వంటింట్లోంచి అన్నీ వినిపిస్తున్నాయి.

"నమస్కారమమ్మా. మున్సిపాలిటీ తనిఖీ. ఊనా కొన్నీలీ అనే ఆమె ఈ ఇంట్లో నివాసం ఉంటున్నారా?"

ఫిలోమేనా అత్త గొంతు, ఖంగుమని: "ఎవరూ లేరు. ఆ పేరే వినలేదు."

నా చేతిలోంచి గరిటె జారిపోయింది. యాభై ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే అనేసింది! పదిమంది నోట్లో దుంపలు పెట్టుకుని అలాగే ఆగిపోయారు. "ఉన్నాను!" అని నేను అరవబోయేలోపు దోనాతో నిట్టూర్పు వినిపించింది. తొంగి చూశాను. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. నెత్తి గోక్కున్నాడు.

"అత్తా," అన్నాడు. "ఊనక్క ఏదీ?"

"ఎక్కడుంటుందిరా, వాళ్లింట్లో ఉంది! మా బంగారంలాంటి నూనె తగలేస్తోంది. రా, చల్లారిపోకముందే తిను. నీ కోసం పెద్ద ముక్క తీసి ఉంచింది."

దోనాతో టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. కాగితం తలుపుకి ఆనించి, పైకి చదువుకుంటూ రాశాడు. "పొరుగువారిని విచారించగా... దరఖాస్తుదారు... ఇంటనే ఉండి... వంట చేయుచున్నట్లు..." నా వైపు చూశాడు. "మేడమ్, సంతకం పెట్టండి." పెట్టాను. కాగితం మీద నూనె మరక పడింది. "ఇదీ సాక్ష్యమే," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. టోపీ తీసి అలమర మీద పెట్టాడు, సరిగ్గా నున్సియో ఉన్న చోటికి పైన.

"ఆఫీసు రెండింటిదాకా ఉంటుంది. ఇమ్మకొలాతాకి ముందే ఫోను చేశా, నీ పేరు ఈ రోజే పుస్తకంలోకి ఎక్కిస్తుంది. ముందు చేప పెట్టక్కా."

నవంబరు 2, ఆదివారం

ఊరంతా చేమంతులతో శ్మశానం దారి పట్టింది. ఎవరూ ఇంట్లో లేరు, ఈ రోజు తనిఖీకి వస్తే వల్లెరోనాలో ఒక్కరూ నివాసం లేనట్టే. తాపీ మేస్త్రి రాయి జరిపాడు. నున్సియోని వాళ్లమ్మ పక్కన పెట్టాను. తొమ్మిది అడుగుల మఫ్లరు చుట్టి పెట్టాను, అక్కడ చలిగా ఉంటుంది. ఫిలోమేనా అత్త రాతి మీద చెయ్యి వేసి, "వచ్చావా నాన్నా," అంది.

రాయి మూశాక దాని మీద రాసిన పేరూ వరుస నంబరూ చదివాను, టపా అలవాటు పోదు. మా ఆయనకి చిరునామా దొరికింది. నేనెప్పుడు వెళ్లి తట్టినా ఇంట్లోనే ఉంటాడు.

నవంబరు 3, సోమవారం

ఆఫీసు తెరవగానే వెళ్లి గుర్తింపు కార్డుకి దరఖాస్తు ఇచ్చాను. "కార్డు రిజిస్టరు పోస్టులో వస్తుందండీ," అంది ఇమ్మకొలాతా. "మీరే సంతకం పెట్టి తీసుకోవాలి. ఇంట్లో ఉండండి చాలు."

"ఏ రోజు వస్తుంది?"

"అది పోస్టాయన ఇష్టం."

పోస్టువాళ్ల ఇష్టం సంగతి నాకు తెలియదా! ఈ రోజు బయట వాన కూడా.

నిర్ణయం: కార్డు వచ్చేదాకా గడప దాటను. ఈసారి ఖాయం. పాస్తా ఉంది. ఊలు ఇంకా రెండుండలుంది. పొద్దున్నే లేచాను, బట్టలు మార్చుకున్నాను, సిద్ధం.

ఉ. 10:00. దోనాతో కింద నుంచి పిలుస్తున్నాడు. టోపీ లేదు.