నాకన్నా ముందే డాక్టరువి

తేది: మార్చి 12, మంగళవారం

చిరంజీవి పిచ్చుకకు,

నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ మీ అమ్మ క్షేమం, బాల్కనీలో కుండీలు క్షేమం, నా పాత స్కూటరు కూడా క్షేమమే. నా సంగతి కిందికి చదువుకుంటూ పోతే నీకే తెలుస్తుంది. నువ్వక్కడ వేళకు తిని, వేళకు పడుకుని, ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

ఫోన్లో చెప్పొచ్చుగా, ఈ కాలంలో ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనైతే మీ అమ్మ స్పీకరు పెట్టమంటుంది. నేనొక మాటంటే పక్కనుంచి ఆవిడ రెండు మాటలు సర్దుతుంది. ఇవి సర్దకుండా చెప్పాల్సిన మాటలు. మా పాలిటెక్నిక్‌లో డ్రాయింగు చెప్పే మాస్టారు పరీక్షల డ్యూటీ మీద రేపు మీ ఊరొస్తున్నారు. కవరు నీ చేతికే ఇస్తానన్నారు. ఆయనకు టీ ఇచ్చి, సాగనంపి, ఆ తరవాతే విప్పు.

వచ్చే వారం గురువారం నీ పీహెచ్‌డీ వైవా అని, హాలు తలుపులు తీసే ఉంటాయని, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని, నేను మాత్రం మొదటి వరుసలో ఉండాలని మెసేజీ పెట్టావు. చూశాను. నీలం టిక్కులు పడ్డాయి గనక చూడలేదని బొంకడానికి లేదు. నాన్న జవాబివ్వలేదని మీ అమ్మ దగ్గర అలిగావట. ఇదిగో జవాబు. నాకు అసూయగా ఉంది.

రాసేశాను, కొట్టెయ్యను. కన్నకూతురు పైకొస్తుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకునే తండ్రి లోకంలో ఎక్కడైనా ఉంటాడా అని మొన్న మీ అమ్మ నిలదీసింది. ఎక్కడో ఎందుకు, ఇక్కడే ఉన్నాడు, నువ్విచ్చిన టీ తాగుతున్నాడు అన్నాను. ఆవిడ నవ్వలేదు. కప్పు సగంలో ఉండగానే తీసుకెళ్ళిపోయింది.

నువ్వు ఇంజనీరింగు కాలేజీలో అడుగుపెట్టిన ఏడే నేను డాక్టరేటుకు పేరు నమోదు చేసుకున్నాను. పగలు పాలిటెక్నిక్‌లో పాఠాలు, సెలవు రోజుల్లో యూనివర్సిటీ. ముందు కోర్సువర్కు పాసవ్వాలన్నారు. తలకు రంగేసుకుని పాతికేళ్ళ పిల్లల మధ్య కూర్చున్నాను. నా దగ్గర డిప్లొమా చదివినవాడే పక్క బెంచీలో ఉండి, మాస్టారూ, ఆ లెక్క అలా కాదండీ అని చెప్పాడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. పైగా వాడు చెప్పిందే రైటు. ఆ తరవాత సమగ్ర పరీక్ష. బల్లకు అటు అయిదుగురు, ఇటు నేనొక్కణ్ణి. ఒక పెద్దాయన, మీరు పాఠం బాగా చెబుతున్నారు గానీ అడిగినదానికి జవాబు చెప్పడం లేదు అన్నాడు. ఆర్నెల్లు ఆగి రమ్మన్నారు. అదే పరీక్షను నువ్వు ఒక్క ఊపులో గట్టెక్కి, హాలు బయటికి వచ్చి, ఐస్‌క్రీం తింటూ నాకు ఫొటో పంపావు. ఆ ఫొటోకి నేను చప్పట్ల బొమ్మ పెట్టాను. పెట్టిన వేలు నాదే, మనసు మాత్రం నాది కాదు.

గైడు సంగతీ అంతే. మీ మేడం నువ్వు ప్రశ్న పంపిన గంటలో జవాబిస్తారు. మా గైడు రిటైరైపోయారు. ఆయన స్థానంలో వచ్చినవాడు వయసులో నాకన్నా బాగా చిన్నవాడు. గైడు కాబట్టి నేను సార్ అనాలి, పెద్దవాణ్ణి కాబట్టి ఆయనా నన్ను సార్ అంటాడు. సార్ సార్ అనుకుంటూనే ఇద్దరం ఒక ఏడాది వెళ్ళబుచ్చాం. పని జరగలేదు, మర్యాద మాత్రం బ్రహ్మాండంగా జరిగింది.

మీ ల్యాబు చూపించిన రోజు గుర్తుందా? నేను తలనొప్పి అని బయటికి వచ్చేశాను. తలనొప్పి కాదు. చల్లటి గది, బారుగా అమర్చిన కేబుళ్ళు, కింద కంపనం తగలకుండా రబ్బరు కాళ్ళ మీద నిలబెట్టిన ఇనుప బల్ల, దాని మీద వరసగా నీ ప్రయోగాల సన్నటి దూలాలు. నా దూలం ఎక్కడుండేదో నీకు తెలుసు. వర్క్‌షాపు మూలన, లేతు మిషన్ల వెనకాల, రెండు ఇనుప స్టాండ్ల మీద. దాని మీద పిల్లలు లంచి బాక్సులు పెట్టేవారు. లేతులు తిరుగుతుంటే గోడలతో సహా అన్నీ వణికేవి, అందుకని అవి ఆగేదాకా చూసి, అప్పుడు సెన్సారు అంటించి, సుత్తితో చిన్నగా కొట్టి కొలిచేవాణ్ణి. ఎప్పుడైనా ఒక మిషను ఆగకపోతే ఆ రోజు కొలత లేనట్టే. నువ్వు మీ బల్ల చూపించి, బాగుందా నాన్నా అని అడిగావు. బాగుందన్నాను. అంత బాగుండక్కర్లేదు అనుకున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు, నువ్వు ఎంచుకున్న సమస్య ఒక ఎత్తు. పగిలిన దూలాన్ని కొడితే దాని మోత శ్రుతి కాస్త దిగుతుంది, ఎంత దిగిందో కొలిస్తే లోపల పగులు ఎంతుందో చెప్పొచ్చు అని నీకు చెప్పింది నేను. పళ్ళెం అంచుమీద చెంచాతో కొట్టి మరీ చూపించాను. ప్రపంచంలో ఇన్ని సమస్యలుండగా నీకు నాన్న సమస్యే దొరికిందా తల్లీ? మీ మీద ప్రేమతోనే ఎంచుకుందండీ అంటుంది మీ అమ్మ. కావచ్చు. ఒకే బావికి ఇద్దరం చేంతాడు వేశాం, నీకు నిండా నీళ్ళు పడ్డాయి, నాకు ఖాళీ బాల్చీ పైకొచ్చింది. ప్రేమ అని చెబితే బాల్చీ నిండుతుందా?

కాలేజీలో ఇప్పుడు నా పేరు పోయింది. స్టాఫ్‌రూములోకి అడుగుపెడితే చాలు, డాక్టరుగారి నాన్నగారొచ్చారు, కుర్చీ వెయ్యండి అంటున్నారు. మొన్న ప్రిన్సిపాలు మీటింగులో లేచి, పండిత పుత్రుడి సామెత ఈయన ఇంట్లో పనిచెయ్యలేదు, పుత్రికే పండితురాలైంది అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ లెక్కన పండితుడు ఎవరో తేలలేదు గానీ, నేనూ కొట్టాను. అందరికన్నా గట్టిగా నేనే కొట్టాను. కుళ్ళు దాచుకునేవాడి చప్పట్లు ఎప్పుడూ గట్టిగానే వినిపిస్తాయి.

నీ థీసిస్ పీడీఎఫ్ వచ్చింది. ఇంకా తెరవలేదు. రెండో సంవత్సరం వాళ్ళ పేపర్లు దిద్దడంతోనే సరిపోతోంది, తీరిక చూసుకుని తెరుస్తాను.

ఇక అసలు సంగతి. మా యూనివర్సిటీ నియమం నీకు తెలుసు. జర్నల్లో రెండు పేపర్లు రావాలి, రెండిటిలోనూ అభ్యర్థి పేరే ముందుండాలి. అవి ఉంటేనే థీసిస్ తీసుకుంటారు. నా దగ్గర ఒకటుంది, రెండోది లేదు. ఈ నెలాఖరుతో నా గడువు తీరిపోతుంది. ఇంకో పొడిగింపు దొరుకుతుందా అని ఆఫీసులో అడిగితే, అక్కడి గుమాస్తా ఆవిడ ఇప్పటికే ఇవ్వగలిగినవన్నీ ఇచ్చేశాం కదండీ అని చాలా మెత్తగా చెప్పింది. విసుక్కున్నా బాగుండేది.

అలాంటప్పుడు నువ్వు మెసేజీ పెట్టావు. నాకు కావలసిన పేపర్లు నాకున్నాయి నాన్నా, థీసిస్‌లోంచి ఇప్పుడు జర్నలుకి వెళ్ళిన ఈ పేపరు అదనం, జర్నలువాళ్ళు పేర్ల వరస పదిహేనో తేదీలోగా ఖాయం చెయ్యమన్నారు, ఆలోచన ఎలాగూ నీదే, నీ పేరు ముందు పెడతాను, నీకు రెండూ అయిపోతాయి అని. ఎంత తేలిగ్గా రాశావు! నా కడుపు నిండిపోయింది, ఈ ముద్ద నువ్వు తినెయ్యి అన్నట్టు. చిన్నప్పుడు నువ్వు వదిలేసినవన్నీ తిన్నది నేనే, నిజమే. కానీ డాక్టరేటు అలా తినేది కాదమ్మా. ఆ పేపర్లో దూలం నాది కాదు, సుత్తి దెబ్బ నాది కాదు, లెక్క నాది కాదు. పిచ్చుక తెచ్చిన గింజలతో డాక్టరునయ్యానని బోర్డు రాయించుకుంటే, దాన్ని చూసిన ప్రతిసారీ నా తలే వంగుతుంది. నాకు ఆత్మాభిమానం ఉంది. వద్దు.

మీ అమ్మ దీనికి ఒప్పుకోలేదు. ఆలోచన మీదే అయినప్పుడు పేరు పెట్టుకోవడానికి నామోషీ ఏమిటి, మీరు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు అని కోప్పడింది. అప్పట్నుంచి నాతో సూటిగా మాట్లాడటం లేదు. టీ చల్లారిపోతోంది అని గోడకి చెబుతుంది, గోడ తాగదు గనక నేను తాగుతున్నాను.

అందని ద్రాక్ష పుల్లన అంటారు. నాకలా అనిపిస్తే ఎంత హాయిగా ఉండేదో. అది తియ్యగా ఉంటుందని నాకు తెలుసు. ఇన్నేళ్ళు దాని వాసన చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు నువ్వు నా కళ్ళముందే కోసుకుని తింటున్నావు.

కాబట్టి వైవాకి రాను. చివర్లో అందరూ లేచి డాక్టర్ అని పిలిచి చప్పట్లు కొట్టేటప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో నాకే నమ్మకం లేదు. మీ అమ్మ వస్తుంది, టిక్కెట్టు తీశాను.

సలహాలు చెప్పకూడదనే అనుకున్నాను, చెయ్యి ఊరుకోవడం లేదు. ప్రశ్న పూర్తిగా వినకుండా జవాబు మొదలెట్టకు, అది మన వంశంలో ఉన్న జబ్బు. తెలియకపోతే తెలియదను. మీ మేడం వైపు చూడకు, పరీక్షకులు దాన్ని వెంటనే కనిపెడతారు. మంచినీళ్ళు దగ్గర పెట్టుకో. కొలతల గురించి అడిగినప్పుడు

సరే, ఇక చాలు. ఉంటాను.

ఇట్లు,
నీ మీద కుళ్ళుకుంటున్న,
డాక్టరు కాని నాన్న

తా.క. కవరు అంటించి, మళ్ళీ చించాను. పైన ఒక వాక్యం సగంలో ఆగిపోయింది చూశావా, అక్కడ నా చెయ్యి ముందుకు పోలేదు. మంచినీళ్ళు గుర్తు చేసి ఇది చెప్పకపోతే నేను మనిషినే కాను.

నీ థీసిస్ తెరవలేదన్నది అబద్ధం. ఆత్మాభిమానం గురించి రాసిందీ అబద్ధమే. నీ మెసేజీ వచ్చిన సాయంత్రమే, పేరు పెట్టెయ్యమ్మా అని చెప్పాలనుకున్నాను. నా పేరు ముందు 'డా.' అన్న అక్షరం ఎలా ఉంటుందోనని పాత కవరు వెనకాల రాసి కూడా చూసుకున్నాను. పేరు పెట్టే ముందు లోపల ఏముందో తెలియాలి కదా అని పేపరూ, థీసిస్‌లో నాలుగో అధ్యాయమూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

పగులు లేని దూలాన్ని పాత సెన్సారుతో కొలిచావు. తరవాత అది పాడైపోయింది. పగిలిన దూలాలన్నిటినీ కొత్తదానితో కొలిచావు. పరికరాల పట్టికలో రెండిటి మోడళ్ళూ నువ్వే రాశావు. కొత్తది బాగా బరువు. అంత సన్నటి దూలానికి బరువు అంటిస్తే, పగులు లేకపోయినా మోత దిగుతుంది. పగులు వల్ల దిగిందని నువ్వు చూపించినదాంట్లో కొంత వాటా ఆ సెన్సారుది. మీ మేడం చూడలేదు, జర్నలువాళ్ళు చూడలేదు. నేను చూశాను, ఎందుకంటే నా రెండో పేపరును ముంచింది సరిగ్గా ఇదే. ఆ సంగతి మీ అమ్మకు కూడా చెప్పలేదు.

పదిరోజులుగా నోరు మూసుకుని కూర్చున్నాను. వైవాలో ఎవరో ఒకరు అడుగుతారు, నువ్వు తెల్లముఖం వేస్తావు, ఆర్నెల్లు ఆగి రమ్మంటారు, అప్పుడు నువ్వూ నేనూ ఒకటే అనుకున్నాను. అనుకుని బాధపడ్డానని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. సంతోషపడ్డాను. నిద్ర కూడా బాగా పట్టింది.

ఇప్పుడు ఇలా చెయ్యి. పగులు లేని ఆ దూలం ల్యాబులో ఉండే ఉంటుంది. దానికి కొత్త సెన్సారు అంటించి మళ్ళీ కొట్టు. ఒక్క పూట పని. అంకెలు తగ్గుతాయి గానీ నువ్వు చెప్పిన మాట నిలుస్తుంది, ఇక్కడ ఉజ్జాయింపుగా లెక్కవేసి చూశాను. మీ మేడంకి వెంటనే చెప్పు. వైవాలో వాళ్ళు అడిగేదాకా ఆగకు, సవరణ అని నువ్వే ముందు చూపించు. మనం చెబితే అది దిద్దుబాటు, వాళ్ళు చెబితే తప్పు. జర్నలుకి రాసి పేపరు ఆపించు. కొత్త లెక్కలతో అది మళ్ళీ వెళ్ళి వచ్చేసరికి నా గడువు ఎలాగూ దాటిపోతుంది, దాటనీ.

ఇదెలా పట్టుకున్నావమ్మా అని హాల్లో ఎవరైనా అడిగితే, నాకే తట్టిందని చెప్పు అని రాయబోయాను. వద్దు. మా నాన్న పట్టుకున్నాడని చెప్పు. వెనక బెంచీలవాళ్ళకి కూడా వినపడేలా చెప్పు.