పదిహేడో కాగితం

చిరంజీవి పిడుగుకి,

అమ్మమ్మ దీవెనలు. నా వ్యాసంలో నాలుగో అధ్యాయం టైపు చేయడం ఆపు. మిగతాది కూడా చేసేసి ఉంటే అలాగే ఉంచు, ఎవరికీ పంపకు. ఎందుకని ఫోను చేసి అడగకు. ఫోనులో అయితే నేను గొంతు పెంచి, రెండు నిమిషాల్లో తప్పు నీదే అని నిన్ను నమ్మించేస్తాను. ఆ విద్యలో నాకు ముప్ఫయ్యేళ్ళ అనుభవం. కాగితం మీద ఎంత అరిచినా వినబడదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

రిటైరైన నాలుగేళ్ళకి ఎం.ఏ. ఎందుకమ్మా అని మీ అమ్మ అడిగితే, "మోకాళ్ళు ఎలాగూ నడవడం లేదు, బుర్రనైనా నడిపిద్దామని" అన్నాను. అబద్ధం. ఇరవై రెండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా బడి నడిపాను. విద్యా నాయకత్వంలో ఒక పట్టా ఎవరైనా చేతిలో పెడితే, గోడకి తగిలించుకుని మురిసిపోదామని. సిద్ధాంత వ్యాసానికి విషయం కూడా ఆ మురిపెంతోనే ఎంచుకున్నాను: బడి పెద్దలు తోటి ఉపాధ్యాయుల మాట వినే తీరు. నా దగ్గర పనిచేసిన ఇరవై నలుగురికి ప్రశ్నావళి పంచాను. పేర్లు రాయనక్కర్లేదన్నాను. మూడు రోజుల్లో ఇరవై నాలుగూ తిరిగొచ్చాయి. ఆనాడే అనుమానించాల్సింది. నేను మాత్రం ఎంత క్రమశిక్షణ నేర్పానో అని పొంగిపోయాను.

అంకెలు వేసుకుంటూ చదివాను. "ఓపికగా వింటారు", "అందరినీ కలుపుకుపోతారు". పదహారు కాగితాలయ్యేసరికి నా మెడ అంగుళం పొడుగు సాగింది. పదిహేడోది తీశాను. 'మీ మాట విని మీ హెడ్మిస్ట్రెస్ నిర్ణయం మార్చుకున్న ఒక సందర్భం రాయండి' అన్న ప్రశ్న కింద ఇలా ఉంది: 'నెలవారీ మార్కులు స్టేజీ మీద చదవొద్దని చెప్పడానికి మీటింగులో లేచాను. కూర్చోమన్నారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళూ కూర్చునే ఉన్నాను.'

పేరు లేదు. ఎడమకి ఒరిగిన ఆ అక్షరాలు మాత్రం సైన్సు టీచరువి. అప్పుడు గుర్తొచ్చింది. నెలకోసారి ఎనిమిదో తరగతి మార్కులు అడుగునుంచి పైకి చదివేదాన్ని. సిగ్గుతోనైనా చదువుతారని నా సిద్ధాంతం. ఆఖరున ఉన్నవాళ్ళు జాబితా పూర్తయ్యేదాకా నిలబడాలి. ఒక పిల్ల వరసగా నాలుగు నెలలు నిలబడింది. సైన్సు టీచరు లేచింది దానికోసమే. "కూర్చోండి టీచర్, టైము లేదు" అన్నాను. ఐదో నెల ఆ పిల్ల రాలేదు. రిజిస్టర్లో పేరు మీద ఎర్రగీత కొట్టాను. అంతే, మళ్ళీ ఈ కాగితం చూసేదాకా ఆ పిల్ల నాకు గుర్తు లేదు. చేసినందుకు ఒక సిగ్గయితే, మరిచిపోయినందుకు పది.

సిగ్గుపడినదాన్ని ఊరుకున్నానా? ఖాళీ ప్రశ్నావళి ఒకటి తీసి, వేరే కలంతో, అక్షరాలు ఎడమకి ఒంచి మరీ రాశాను: 'మార్కులు స్టేజీ మీద చదవొద్దని నేను చెప్పాక మేడమ్ రెండు రోజులు ఆలోచించి ఆ పద్ధతి మానేశారు. ఒక పాప చదువు నిలబడింది.' నువ్వు టైపు చేసింది అదే. 'నువ్వు గ్రేటు అమ్మమ్మా' అని పక్కన పెన్సిలుతో రాసి పంపావు చూడు, అదీ దాని గురించే. చూచిరాత రాసిన పిల్లల్ని ఎంతమందిని గోడవైపు తిప్పి నిలబెట్టానో లెక్కలేదు. అసలుది చింపడానికి చేతులు రాక నిఘంటువులో దాచాను.

నిన్న గైడు పిలిచాడు. మీ మామయ్యకన్నా చిన్నవాడు, నేను గదిలోకి వెళితే లేచి నిలబడతాడు. "మేడమ్, ఆ ఇరవై మూడూ ఒక ఎత్తు, ఈ పదిహేడోది ఒక ఎత్తు. మీ వ్యాసానికి ప్రాణం ఇదే. ఆ టీచరెవరో కనుక్కుని ఒక గంట ఇంటర్వ్యూ చేసుకురండి" అన్నాడు. నేను సంచీ సర్దుకుని లేవబోయాను. "ఏంటి మేడమ్, ఒంట్లో బాలేదా?" "ఒళ్ళు బాగానే ఉంది నాయనా, వ్యాసానికే బాలేదు" అన్నాను. జోకనుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి ఆ ఇంటర్వ్యూ కూడా నేనే రాసేద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు బ్రహ్మాండంగా వచ్చాయి. సైన్సు టీచరు నన్ను తెగ పొగిడింది. మూడో పేజీలో ఆ పిల్ల పేరు రాయాల్సొచ్చింది. ఎంత ఆలోచించినా పేరు రాలేదు. కలం మూసేశాను.

వ్యాసం ఇవ్వడానికి ఇరవై రోజులుంది. నిజం చెబితే పట్టా పోతుంది. చెప్పకపోతే పట్టా వస్తుంది, అది ఇంకా ఘోరం. రేపు సైన్సు టీచరు ఇంటికి వెళ్తున్నాను. నన్ను వెనకేసుకొస్తూ ఉత్తరం రాయకు.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నీ దగ్గర పెద్దమనిషిగా చలామణీ అయిన
అమ్మమ్మ

*

పిడుగూ,

వద్దన్నా వెనకేసుకొచ్చావు. 'ఒక్క కాగితమే కదా అమ్మమ్మా, అది తీసేస్తే ఇంకా ఇరవై మూడు ఉంటాయి' అని ఓదార్చావు. ఎన్ని ఉన్నాయో విను.

సైన్సు టీచరు ఇల్లు రెండో అంతస్తు. మెట్టుకొక సాకు వెతుక్కుంటూ ఎక్కాను. ఆవిడ నేలమీద జవాబు పత్రాలు పరుచుకుని దిద్దుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది.

"కూర్చోండి టీచర్" అన్నాను. ఆవిడ ఇంట్లో, ఆవిడని, నేను!

ఆవిడ రాసిందీ నేను రాసిందీ, రెండు కాగితాలూ చేతికిచ్చాను. నేను రాసింది చాలాసేపు చదివింది.

"నా రాత బాగానే దింపారు మేడమ్. ఎప్పుడు నేర్చుకున్నారు?"

"తప్పు చేశాను టీచర్."

"ఏది? ఇదా, అదా?"

"రెండూ."

"ఆ పిల్ల కోసం రెండుసార్లు వెళ్ళాను మేడమ్. రెండోసారికి ఇల్లు ఖాళీ చేసేశారు" అంది. పిల్ల పేరు అడిగాను. చెప్పింది. నేను ఆ పేరు ఎక్కడా రాయను, నీకూ చెప్పను. నా దగ్గర ఉంటుంది.

కాగితాలు నాకు తిరిగిస్తూ అడిగింది: "మార్చింది నాదొక్కటేనా?"

"ఒట్టు. మిగతావన్నీ ఎవరివి వాళ్ళవే."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఎవరివి వాళ్ళవా! స్టాఫ్‌రూములో డ్రిల్లు మాస్టారు నిలబడి చెబుతుంటే అందరూ కూర్చుని రాశారు మేడమ్. తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే అందరి జవాబూ ఒకేలా ఉండాలని మీరు నేర్పిందే కదా! పెద్దావిడ, ఈ వయసులో చదువుకుంటోంది, మనసు కష్టపెట్టడం ఎందుకన్నారు."

అర్థమైందా అమ్మడూ? ఇరవై నాలుగింటిలో నిజమైనది ఒక్కటే. దాన్నే దాచాను.

"మరి మీరెందుకు వాళ్ళతో కలిసి రాయలేదు?" అన్నాను.

"పదమూడేళ్ళకి మొదటిసారి అడిగారు మేడమ్. కాగితం మీదైతేనేం, అడిగారు. అడిగాక చెప్పకుండా ఎలా ఉంటాను?"

ఇంత వయసొచ్చాక ఇంకొకరి ఇంట్లో ఏడవడం ఎంత అసహ్యంగా ఉంటుందో నీకు తెలియకూడదని కోరుకుంటున్నాను. గైడు చెప్పిన సంగతీ ఆ ఏడుపులోనే కక్కేశాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి, "ఇంటర్వ్యూ చేయమన్నారు కదా, చేయండి" అంది. చేశాను.

ఇవాళ పొద్దున గైడుకి ఫోను చేసి అంతా చెప్పాను. "మేడమ్, కమిటీకి చెప్పక తప్పదు. ఈ ఏడు పోయినట్టే. మళ్ళీ చేరనిస్తారో లేదో కూడా..." అన్నాడు. "నువ్వు చెప్పొద్దు నాయనా, నేనే రాసిస్తాను, నా సొంత దస్తూరీతో" అన్నాను. రాసిచ్చేశాను. గోడమీద పట్టాకి మేకు కొట్టడానికి మీ తాత పక్కింటినుంచి తెచ్చిన సుత్తి వెనక్కి పంపించేశాను.

ఈ కవరులో మెమరీ కార్డు ఉంది. ఇంటర్వ్యూ గంటా పది నిమిషాలు. కమిటీ ఏమన్నా సరే, అది టైపు చేసి పెట్టు. వ్యాసానికి పనికిరాకపోతే నాకు పనికొస్తుంది. ఆవిడ మీటింగు సంగతి ఆరుసార్లు మొదలుపెట్టింది. ఆరుసార్లూ నేను మధ్యలో దూరి, ఆ రోజుల్లో బడి పరిస్థితి ఎలాంటిదో వివరించాను. నా మీద జాలిపడి అవి తీసేయకు. ఆవిడ మాట ఎక్కడ తెగిందో అక్కడే తెగ్గొట్టు, నేను ఏమన్నానో అదే రాయి.

చివరి పన్నెండు నిమిషాల్లో నా గొంతు వినబడదు. రికార్డింగు పాడైందనుకోకు.

నీ
అమ్మమ్మ